కరెంటు బజారుకు కోడ్ రాసేవారు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విద్యుత్ మార్కెట్‌ను కంప్యూటర్‌లో అనుకరించి చూసే ఓపెన్ సోర్స్ (మూల కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే) సాఫ్ట్‌వేర్ గురించి, దానికి కోడ్ రాసి ఇచ్చే డెవలపర్ల గురించి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, కొన్నింటిని కుదించి ప్రచురిస్తున్నాం.

ప్రశ్న: మా మనవరాలు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. శని, ఆదివారాల్లో కూడా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ‘ఎనర్జీ మార్కెట్ సిమ్యులేషన్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు పైసా జీతం లేకుండా ప్రోగ్రాములు రాస్తోంది. నేను విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కరెంటును లోడ్ డిస్పాచ్ సెంటర్ నడపడం తెలుసు గానీ, దానికి మార్కెట్ ఏమిటి? ఆ మార్కెట్‌కు సిమ్యులేషన్ ఏమిటి?
— విశ్రాంత అసిస్టెంట్ ఇంజనీరు, అనంతపురం

జవాబు: మీరు ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఏ ప్లాంటు ఎంతసేపు నడవాలో బోర్డే నిర్ణయించేది; ధర సంగతి తరువాత లెక్కల్లో తేలేది. 2003 విద్యుత్ చట్టం వచ్చాక, 2008లో ఇండియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజీ, పవర్ ఎక్స్ఛేంజీ ఇండియా మొదలయ్యాయి. దీర్ఘకాలిక ఒప్పందాల కింద వచ్చే కరెంటు చాలకపోతే డిస్కంలు మరుసటి రోజుకు కావలసినది అక్కడ కొంటాయి, మిగిలితే అక్కడే అమ్ముతాయి. రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 బ్లాకులుగా విడగొట్టి, ఒక్కో బ్లాకుకు అమ్మేవారి బిడ్లను తక్కువ ధర నుంచి ఎక్కువకూ, కొనేవారి బిడ్లను ఎక్కువ ధర నుంచి తక్కువకూ పేర్చి, ఆ రెండు వరుసలు ఎక్కడ కలుస్తాయో అక్కడ ధర ఖాయం చేస్తారు. గుంటూరు మిర్చి యార్డులో ఒక్కో లాటుకు ఒక్కో ధర పలికినట్టు ఇక్కడ పలకదు; ఆ బ్లాకులో అమ్ముడైన ప్రతి యూనిట్‌కూ ఒకటే ధర. అందువల్ల సాయంత్రం ఏడు గంటల బ్లాకులో చివరి కొద్ది మెగావాట్ల కోసం ఖరీదైన గ్యాస్ ప్లాంటును పిలవాల్సి వస్తే, దాని ధరే చవక బొగ్గు కరెంటుకూ దక్కుతుంది.

ఇలాంటి బజారులో ఒక్క నిబంధన మారిస్తే ఎవరు ఎలా ప్రవర్తిస్తారో కాగితం మీద ఊహించడం కష్టం. కాలిఫోర్నియా ఈ సంగతి చాలా ఖరీదుగా తెలుసుకుంది. అక్కడ వినియోగదారుల చార్జీలకు పరిమితి పెట్టి, పంపిణీ కంపెనీలను మాత్రం రోజువారీ మార్కెట్లో కొనుక్కోమన్నారు. 2000–01లో టోకు ధరలు ఆకాశాన్నంటాయి, వ్యాపారులు నిబంధనల్లోని సందులను వాడుకున్నారు, వంతులవారీగా కరెంటు కోతలు వచ్చాయి, ఆ రాష్ట్ర పవర్ ఎక్స్ఛేంజీ మూతపడింది, అతిపెద్ద పంపిణీ కంపెనీల్లో ఒకటి 2001 ఏప్రిల్లో దివాలా పిటిషన్ వేసింది. నిజమైన జనం మీద ప్రయోగించే ముందు మార్కెట్ నిబంధనలను కంప్యూటర్‌లో నడిపి చూడాలన్న వాదనకు అప్పటి నుంచే బలం పెరిగింది. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్ర ఆచార్యురాలు లీ టెస్ఫాట్షన్ బృందం టోకు విద్యుత్ మార్కెట్ కోసం ‘ఏమ్స్’ అనే పరీక్షా వేదికను జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి 2007లో అందరికీ విడుదల చేసింది.

అంతకు ముందే కార్నెల్ విశ్వవిద్యాలయంలో ‘పవర్‌వెబ్’ అనే ప్రాజెక్టు ఉండేది. ఇంటర్నెట్ ద్వారా మనుషుల చేత విద్యుత్ వేలంలో బిడ్లు వేయించి, వారు ఎలా ప్రవర్తిస్తారో గమనించడం దాని పని. దాని లోపల లెక్కలు చేయడానికి రాసిన ప్రోగ్రామే 1997లో ‘మాట్‌పవర్’ పేరుతో బయటికి వచ్చింది. ఇవాళ ప్రపంచమంతటా ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పరిశోధకులు దాన్ని వాడుతున్నారు. తొలి రచయితల్లో ఒకరైన రే జిమ్మర్‌మన్ తరువాతి దశాబ్దాల్లో కూడా దాన్ని సరిచేస్తూ, పెంచుతూ వచ్చారు. కొత్త సాఫ్ట్‌వేర్ రాసినవారికి వచ్చినంత పేరు ఉన్నదాన్ని పాడవకుండా చూసుకున్నవారికి రాదు గానీ, నా అంచనాలో ఈ రంగం నిలబడింది ఆ రెండో రకం వారి మీదే. మీ మనవరాలు చేస్తున్నది బహుశా ఆ రెండో రకం పనే. ఒకసారి కూర్చోబెట్టి అడగండి. స్పిన్నింగ్ రిజర్వ్ (ఉన్నట్టుండి అవసరమైతే వాడుకోవడానికి నడుస్తున్న యూనిట్లలో అట్టిపెట్టే సామర్థ్యం) గురించి, బొగ్గు యూనిట్‌ను ఎంత వేగంగా పైకి లేపవచ్చో దాని గురించి మీకున్న అనుభవం ఆ అమ్మాయికి ఏ పుస్తకంలోనూ దొరకదు.

ప్రశ్న: ఈ రంగంలో తెలుగు ప్రాంతం నుంచి ఎవరైనా చెప్పుకోదగ్గ పని చేశారా, లేక అంతా అమెరికా, యూరప్‌లదేనా?
— ఇంజనీరింగ్ విద్యార్థిని, వరంగల్

జవాబు: చేశారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు, టీసీఎస్ పరిశోధన విభాగం వారు కలిసి ‘విద్యుత్‌వణిక’ అనే ప్రోగ్రామును తయారుచేశారు. అది ‘పవర్ టాక్’ అనే అంతర్జాతీయ పోటీలో 2018లో రెండో స్థానంలో నిలిచింది. దాని తరువాతి రూపం 2021లో మొదటి స్థానం గెలుచుకుంది.

ఆ పోటీ ఎలా నడుస్తుందో కాస్త వివరంగా చెప్పడం అవసరం. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ కాలిన్స్, అప్పట్లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో ఉన్న వోల్ఫ్‌గాంగ్ కెట్టర్ దీన్ని ముందుండి నిర్మించారు. జావాలో రాసిన సర్వర్ ఒక ఊహా నగరాన్ని నడుపుతుంది. అందులో ఇళ్లు, ఆఫీసులు, శీతల గిడ్డంగులు, ఎలక్ట్రిక్ వాహనాలు, సోలార్ పలకలు పెట్టుకున్నవారు ఉంటారు. వాతావరణం మాత్రం నిజమైన రికార్డుల నుంచి తెచ్చినది. పోటీదారుల ప్రోగ్రాములు బ్రోకర్ల పాత్ర పోషిస్తాయి. అవి ఒక వంక వినియోగదారులకు టారిఫ్‌లు ప్రకటించి వారిని ఆకట్టుకోవాలి, మరో వంక టోకు మార్కెట్లో రాబోయే 24 గంటలకు కరెంటు కొనాలి. కొన్నదానికీ వాడుకకూ తేడా వస్తే బ్యాలెన్సింగ్ మార్కెట్లో జరిమానా లాంటి ధర కట్టాలి. ఆటలో ఒక గంట అంటే మన గడియారంలో అయిదు సెకన్లు. రమారమి రెండు నెలల వ్యాపారం రెండు గంటల్లో ముగిసిపోతుంది. నగరం మొత్తం వాడకం పతాక స్థాయికి చేరిన గంటల్లో ఎవరి ఖాతాదారులు ఎంత లాగారో చూసి బ్రోకర్ల నుంచి అదనపు రుసుము కూడా వసూలు చేస్తారు. 2021లో గెలిచిన రూపం ఆ వేళల్లో వాడకం తగ్గేలా తన ఖాతాదారుల మీద సర్‌చార్జి వేసేది. అన్ని రకాల ఖాతాదారులనూ సమపాళ్లలో ఉంచుకునేది. టోకు మార్కెట్లో ఉత్పత్తిదారులు అడిగే అతి తక్కువ ధరను పసిగట్టి దానికి తగ్గట్టు బిడ్ వేసేది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. బ్రోకర్ రాయడం ఆటలో ఆడటం. సర్వర్‌కు కోడ్ ఇవ్వడం ఆట నియమాలకు బాధ్యత వహించడం. విద్యార్థులు సాధారణంగా మొదటిదానితో మొదలుపెట్టి రెండోదానికి చేరతారు, ఎందుకంటే సర్వర్‌లోని లోపాలు ముందుగా కనబడేది ఆడేవారికే. మీరు ప్రయత్నించదలిస్తే పోటీ నిర్వాహకులే ఒక నమూనా బ్రోకర్ కోడ్‌ను ఉచితంగా ఇచ్చారు. అక్కడి నుంచి మొదలుపెట్టండి. అందులో ప్రతి అంకె గుర్తూ బ్రోకర్ కోణం నుంచే ఉంటుందని ముందే తెలుసుకోవాలి. పది మెగావాట్-అవర్లు, అంటే మన బిల్లు భాషలో పది వేల యూనిట్లు కొనాలంటే పరిమాణం ప్లస్ 10, ధర మైనస్ 30 అని పంపాలి, ఎందుకంటే కరెంటు మీకు వస్తోంది, డబ్బు మీ చేతి నుంచి పోతోంది. పైగా టోకు మార్కెట్ మెగావాట్-అవర్లలో, టారిఫ్ కిలోవాట్-అవర్లలో నడుస్తుంది. ఈ రెండు సంగతులూ ఒంటబట్టక ముందు రాసిన బ్రోకర్లు దివాలా తీయడం మామూలే.

ప్రశ్న: నాకు పైథాన్ బాగా వచ్చు, కరెంటు గురించి ఇంటి బిల్లు కట్టడం మించి తెలియదు. ఇలాంటి ప్రాజెక్టుకు నేను ఏ విధంగా పనికొస్తాను? మొదటి పుల్ రిక్వెస్ట్ ఎలా ఉండాలి?
— సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, హైదరాబాద్

జవాబు: పైథాన్ వచ్చినవారికి నేను చెప్పే పేరు ‘పైప్సా’. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో టామ్ బ్రౌన్, ఆయన సహచరులు మొదలుపెట్టారు. ఇప్పుడు బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయ బృందం ముందుండి చూసుకుంటోంది. ఇది పవర్ టాక్ లాగా ఎత్తులూ పైఎత్తులూ వేసే ఆటగాళ్లను అనుకరించదు. అందరూ నిజాయితీగా తమ ఖర్చే బిడ్ వేస్తారనుకుని, ప్లాంట్లు, లైన్లు, బ్యాటరీల పరిమితులకు లోబడి మొత్తం ఖర్చు అత్యల్పంగా ఉండే మార్గాన్ని వెతుకుతుంది. ధర అందులో ఉప ఉత్పత్తిగా వస్తుంది: ఒక చోట మరో మెగావాట్-అవర్ అడిగితే మొత్తం ఖర్చు ఎంత పెరుగుతుందో అదే అక్కడి ధర.

మొదటి పుల్ రిక్వెస్ట్ గురించి, అంటే మీరు రాసిన మార్పును ప్రాజెక్టులో కలుపుకోమని పంపే మొదటి అభ్యర్థన గురించి అడిగారు. కొత్త మోడల్, కొత్త అల్గారిథం అంటూ వెయ్యి లైన్లతో మొదలుపెట్టకండి. దాన్ని చదివే ఓపిక ఎవరికీ ఉండదు. ముందు ఒక చిన్న ఉదాహరణను చేత్తో లెక్కవేసి, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన జవాబుతో పోల్చండి. యూనిట్‌కు నాలుగు రూపాయల ఖర్చయ్యే ఒక ప్లాంటు, అంటే మెగావాట్-అవర్‌కు 4,000 రూపాయలు. దాని సామర్థ్యం 200 మెగావాట్లు, డిమాండ్ 100 మెగావాట్లు. కాలాన్ని గంటల చొప్పున తీసుకుంటే ఖర్చు 4 లక్షలు, ధర 4,000 అని వస్తుంది. ఇప్పుడు మన ఎక్స్ఛేంజీ తరహాలో పదిహేను నిమిషాల బ్లాకు తీసుకోండి. 100 మెగావాట్లు పదిహేను నిమిషాలు నడిస్తే వచ్చేది 25 మెగావాట్-అవర్లు మాత్రమే, కనుక ఖర్చు లక్ష రూపాయలు. డిమాండ్‌ను ఒక మెగావాట్ పెంచితే ఆ బ్లాకులో ఖర్చు 1,000 రూపాయలే పెరుగుతుంది. సాల్వర్ (అత్యల్ప ఖర్చు మార్గాన్ని లెక్కగట్టే ప్రోగ్రాము) ఇచ్చే అంకె అదే. దాన్ని పావు గంటతో, అంటే 0.25తో భాగిస్తేనే మళ్లీ 4,000 వస్తుంది. ఆ భాగహారం మరిచిన ప్రోగ్రాము ఏ ఎర్రర్ మెసేజ్ ఇవ్వకుండా, యూనిట్ ధర ఒక్క రూపాయి అని ధీమాగా చూపిస్తుంది.

మార్కెట్ సిమ్యులేషన్‌లో ప్రమాదకరమైన లోపాలన్నీ ఈ జాతివే. ప్రోగ్రాము ఆగిపోతే ఎవరో ఒకరు పట్టుకుంటారు. తప్పు ధర పాతిక గ్రాఫులతో నివేదికలోకి ఎక్కితే ఎవరూ పట్టుకోరు. అందుకే ఇక్కడ టెస్ట్ (కోడ్ సరైన జవాబు ఇస్తోందో లేదో తనిఖీ చేసే చిన్న ప్రోగ్రాము) రాసినవాణ్ణి నేను ఫీచర్ రాసినవాడికంటే ఒక మెట్టు పైన పెడతాను. పైన చెప్పిన ఒక ప్లాంటు, ఒక డిమాండ్ లెక్కను ‘ధర 4,000 రావాలి’ అనే షరతుతో పది లైన్ల టెస్టుగా రాయవచ్చు. అలాంటి టెస్టు ఇప్పటికే ఉందేమో వెతకండి. లేకపోతే మీ మొదటి పుల్ రిక్వెస్ట్ అదే. లోపం కనబడిందనుకుంటే ఇష్యూ (ప్రాజెక్టు పేజీలో లోపాన్ని తెలిపే నోటు) తెరిచేటప్పుడు మీ మొత్తం ఫైలు పంపకుండా, ఆ లోపాన్ని పుట్టించే అతి చిన్న ఉదాహరణను, వెర్షన్ నంబర్లను, మీరు ఆశించిన జవాబును, ఆ జవాబు ఎందుకు సరైనదో ఒక వాక్యాన్ని పెట్టండి. ఆ చివరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు.

పెద్ద పని చేయగల సత్తా ఉన్నవారికి కూడా దారి ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఒక దశలో పైప్సా వాడేవారికి లెక్కను సాల్వర్ తేల్చడం ఒక ఎత్తయితే, లక్షలాది సమీకరణాలను రాసి సాల్వర్‌కు అప్పగించడం మరో ఎత్తుగా ఉండేది. మెమరీ అంతా దానికే పోయేది. ఆ బృందంలోనే పనిచేస్తున్న డెవలపర్ ఆ మధ్య మెట్టును విడదీసి ‘లినోపై’ అనే వేరే లైబ్రరీగా రాశారు. ఇవాళ పైప్సాతో పాటు ఇతరులూ దాన్ని వాడుకోవచ్చు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పుట్టిన ‘హైజ్’ అనే ఉచిత సాల్వర్ కూడా వచ్చాక, ఖరీదైన వాణిజ్య లైసెన్సు కొనలేని విద్యార్థి సైతం ఒక రాష్ట్రం స్థాయి లెక్కను సొంత ల్యాప్‌టాప్‌లో ప్రయత్నించగలుగుతున్నాడు.

కోడే రాయాలని లేదు. ‘పైప్సా-ఎర్త్’ అనే అనుబంధ ప్రాజెక్టు ఏ దేశానికైనా గ్రిడ్ నమూనాను, అందరూ కలిసి గీసే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోని లైన్లు, సబ్‌స్టేషన్ల నుంచి తయారుచేస్తుంది. మ్యాప్‌లో లైను వోల్టేజీ తప్పుగా ఉంటే నమూనాలో దాని సామర్థ్యమూ తప్పే అవుతుంది, ధరా తప్పే వస్తుంది.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇలాంటి ప్రాజెక్టుకు ఇచ్చిన కోడ్ ఎవరిదవుతుంది? రేపు ఏదైనా ట్రేడింగ్ కంపెనీ దాన్ని వాడుకుని లాభపడితే నేను అడ్డుకోగలనా?
— ప్రవాస పాఠకుడు, టెక్సస్

జవాబు: సాధారణంగా మీ కోడ్ మీద కాపీరైట్ మీదే, ప్రాజెక్టు లైసెన్సు ప్రకారం వాడుకునే హక్కును మాత్రం అందరికీ ఇస్తారు. ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ తరహా సరళమైన లైసెన్సు అయితే ట్రేడింగ్ కంపెనీ నిక్షేపంగా వాడుకోవచ్చు, మీరు అడ్డుకోలేరు. జీపీఎల్ అయితే మార్చిన ప్రోగ్రామును ఇతరులకు పంచినప్పుడు మూల కోడ్ కూడా ఇవ్వాలి. తమ ఆఫీసులోపలే నడుపుకుంటే ఇవ్వక్కరలేదు. ఈ రంగంలో గాలి సరళమైన లైసెన్సుల వైపే వీచింది: మాట్‌పవర్ 2015లో 5.1 వెర్షన్‌తో జీపీఎల్ నుంచి బీఎస్‌డీకి, తరువాత పైప్సా జీపీఎల్ నుంచి ఎంఐటీకి మారాయి. గ్రిడ్ నిర్వాహకులు, కంపెనీలు వాడితేనే లోపాలు బయటపడతాయన్న వాదన నాకు సబబుగానే కనిపిస్తుంది. అయితే మీరు ముందు చదవవలసింది లైసెన్సును కాదు, మీ ఉద్యోగ ఒప్పందాన్ని. ఖాళీ సమయంలో రాసినది కూడా కంపెనీదే అనే నిబంధన అందులో ఉంటే, లిఖితపూర్వక అనుమతి తీసుకున్నాకే పంపండి. అన్నట్టు, టెక్సస్‌లో 2010 డిసెంబరు నుంచి గ్రిడ్‌లోని ఒక్కో నోడ్‌కు (లైన్లు కలిసే చోటుకు) ఒక్కో ధర లెక్కకట్టే పద్ధతి ఉంది కనుక, పైప్సా లాంటి సాధనానికి మీ ఇంటి చుట్టూ ఉన్నది అచ్చమైన ప్రయోగశాల.

ప్రశ్న: ఒకప్పుడు ఎక్స్ఛేంజీలో దక్షిణాది ధర ఉత్తరాది కంటే ఎక్కువ ఉండేదని విన్నాను. దేశమంతా ఒకే మార్కెట్ అయితే రెండు ధరలు ఎలా వస్తాయి? ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ సంగతి చూపించగలదా, రేపటి ధర చెప్పగలదా?
— డిస్కం ఉద్యోగి, విజయవాడ

జవాబు: రేపటి ధర చెప్పలేదు. ఎవరు ఎంతకు బిడ్ వేస్తారో రహస్యం. ఎక్స్ఛేంజీలు వాడే అసలు మ్యాచింగ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ కాదు. పైగా కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి పెట్టిన గరిష్ఠ పరిమితి ఉంది. యూనిట్‌కు 12 రూపాయలని 2022లో పెట్టి, 2023 ఏప్రిల్లో 10కి తగ్గించారు. కొరత రోజుల్లో ధర వెళ్లి ఆ గోడకు ఆనుకుంటుంది. ఇలాంటి సాధనాలతో ధరను జోస్యం చెప్పించబోయేవారిని నమ్మకండి. ‘ఇలా ఉంటే ఎలా?’ అన్న ప్రశ్నకు మాత్రం ఇవి చక్కగా పనికొస్తాయి. మీరు అడిగిన రెండు ధరల ప్రశ్న సరిగ్గా అలాంటిదే.

2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను కలిసే దాకా దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీలో లేదు. గాజువాక, భద్రావతి, తాల్చేర్–కోలార్ డీసీ లింకుల (ఫ్రీక్వెన్సీలు వేరైనా కరెంటును దాటించేవి) మీదుగా ఎంత వస్తే అంతే. ఆ లైను కలిశాక కూడా సామర్థ్యం పెరగడానికి కొన్నేళ్లు పట్టింది. లైన్లు నిండిపోయినప్పుడు ఎక్స్ఛేంజీ దేశాన్ని బిడ్ ఏరియాలుగా చీల్చి విడివిడిగా ధర కడుతుంది.

పైప్సాలో దీన్ని చూడాలంటే రెండు ‘బస్’లు (గ్రిడ్‌లో ప్లాంట్లు, లైన్లు, డిమాండ్ కలిసే చోట్లు), ఒక లింకు చాలు. ఉత్తరాన యూనిట్‌కు 3 రూపాయల ప్లాంటు, కావలసినంత సామర్థ్యంతో పెట్టండి. దక్షిణాన 8 రూపాయల ప్లాంటు 600 మెగావాట్లు, డిమాండ్ 1,500 మెగావాట్లు పెట్టండి. మధ్య లింకు పరిమితి 1,000 మెగావాట్లు. నడిపితే లింకు నిండా ప్రవహిస్తుంది, మిగిలిన 500 మెగావాట్లు ఖరీదైన ప్లాంటు ఇస్తుంది, ఉత్తరాన ధర 3, దక్షిణాన 8 అని వస్తుంది. దక్షిణాది కొనుగోలుదారులు లైను మీద వచ్చిన చవక కరెంటుకూ 8 చొప్పునే కడతారు. ఉత్తరాది ప్లాంటుకు చేరేది మాత్రం 3. గంటకు పది లక్షల యూనిట్లు, యూనిట్‌కు 5 రూపాయల తేడా: గంటకు 50 లక్షల రూపాయలు మధ్యలో మిగులుతాయి. మన దేశంలో అలా మిగిలిన రద్దీ సొమ్ము విద్యుత్ వ్యవస్థ అభివృద్ధి నిధికి వెళుతుంది. సిమ్యులేషన్ రాసేవారు ఈ పద్దును మరిచిపోతే అమ్మినవారి రాబడికీ కొన్నవారి ఖర్చుకూ పొంతన కుదరదు; అందుకని ఎవరైనా చేసిన మార్కెట్ నమూనా మీ చేతికొస్తే మొదట ఈ మూడు పద్దులనూ కూడి చూడండి.

తరువాత లింకు పరిమితిని 2,000కు పెంచి మళ్లీ నడపండి. ఖరీదైన ప్లాంటు ఆగిపోతుంది, రెండు వైపులా ధర 3 అవుతుంది, ఆ 50 లక్షలు మాయమవుతాయి. ఆ తరువాత నిజమైన అంకెల వంతు: ఎక్స్ఛేంజీ తన వెబ్‌సైట్‌లో ఏరియాలవారీ ధరలను బ్లాకుల వారీగా ప్రతిరోజూ పెడుతుంది. డిస్కంలో పనిచేస్తున్నారు కనుక మీ సాయంత్రపు డిమాండ్ వంపు ఎలా ఉంటుందో, వ్యవసాయ ఫీడర్లను పగటికి మారిస్తే అది ఎటు జరుగుతుందో మీకు తెలిసినంతగా బెర్లిన్‌లో కూర్చున్న డెవలపర్‌కు తెలియదు. రహస్య వివరాలు లేకుండా, అచ్చు మన దగ్గరి మాదిరి డిమాండ్ వంపుతో, పదిహేను నిమిషాల బ్లాకులతో ఒక చిన్న ఉదాహరణ రాసి ప్రాజెక్టుకు పంపితే, ఒకప్పటి యూరప్ గంటల లెక్కకు అలవాటుపడిన ఆ కోడ్‌లో ఇంకా ఎక్కడెక్కడ 0.25 మరిచిపోయారో అది బయటపెట్టగలదు.